తాను చిరిగింది, చీటీ మిగిలింది

సంత దారిలో సరుకులు – 9

ఆమడగూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. మా అవ్వది. అవ్వకు పెళ్లిలో వాళ్లమ్మ ఇచ్చింది. పైకి చూస్తే తుప్పు పట్టిన రేకు పెట్టె, అంతే. గొళ్లెం ఊడిపోతే పురికొస కట్టి అట్టం మీదికి తోశారు. కిందికి దించి మూత ఎత్తితే మాత్రం కాసేపు నోట మాట రాదు.

మూత లోపలి వైపంతా వేలు పెట్టే సందు లేకుండా కాగితాలు అంటించి ఉన్నాయి. నట్టనడుమ వేణుగోపాలుడు, చుట్టూ బంగారు వన్నె అంచు. ఆ అంచు కింద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు, ఒక అంకె ఉన్నాయి. అంటే అది పూజకు అచ్చేసిన పటం కాదు, సీమ గుడ్డ తాను మీద వచ్చిన చీటీ. కృష్ణుడి పాదాల దగ్గర అగ్గిపెట్టె మీంచి కత్తిరించిన ఆవు నిలబడి ఉంది, కృష్ణుడి బొటనవేలంత ఉంటుందేమో. ఇటొకటి అటొకటి ద్వారపాలకుల్లాగా ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న జంతువులున్నాయి. అవి మైసూరు శాండల్ సబ్బు డబ్బాల మీంచి దిగినవి. పైన తోరణం ఇంకో తాను చీటీ అంచు. కింద వరసలో రైలు, పులి, తాళంచెవి, కత్తెర. ఒక మూల ఏదో సబ్బు కాగితం మీది దొరసాని చేతిలో అద్దం పట్టుకుని నవ్వుతూ ఉంటుంది.

దేవుడి పక్కన దొరసాని ఏందని చిన్నప్పుడు అడిగాను. అవ్వ ఆలోచించకుండానే చెప్పింది: “బొమ్మలాటలో బంగారక్క లేకుంటే ఎట్ల రా అబ్బీ? ఊరికే దేవుండ్లే ఉంటే నిద్రొస్తాది.”

ధర్మవరం పక్కన నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరుమోసిన ఊరు. ఆ ఆటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి నవ్వించిపోతారు. మేకతోలును పలచగా చేసి, తల, చేతులు, కాళ్లు వేటికవి విడిగా కోసి, రంగులు వేసి, కీళ్ల దగ్గర కలిపి కట్టేది ఆ బొమ్మ. తెల్లవార్లూ అవి చూస్తూ పెరిగిన మనిషికి కత్తెర పట్టుకుని బొమ్మలు కోసి కలపడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఈ భాగమంతా ఆ మూత గురించే. దాన్ని చదవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

పోయిన భాగంలో రైలు దగ్గర ఆపాను. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు దాకా మీటరుగేజి పట్టాలు పడ్డాయి. ఆ రోజుల్లోనే ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాల దాకా ఇంకో దారి పడింది. హిందూపురంలో బెల్లం, చింతపండు రైలెక్కేవి. అదే రైల్లో మాంచెస్టరు మల్లుగుడ్డ, లాంక్లాతు, కిరసనాయిలు, సబ్బులు, అగ్గిపెట్టెలు దిగేవి. అక్కణ్నుంచి ఎద్దులబండి మీద ఆమడగూరు లాంటి ఊళ్లకు చేరేవి. సరుకుతో పాటు దాని మీద అంటించిన రంగుల కాగితమూ వచ్చేది. మన పల్లెల్లో చాలా ఇళ్లకు వచ్చిన మొదటి రంగుల అచ్చు పుస్తకంలో రాలేదు, పత్రికలోనూ రాలేదు. గుడ్డ తాను మీద కూర్చుని వచ్చింది.

మాంచెస్టరు, గ్లాస్గో వర్తకులు ముప్పై నలభై గజాల తానుకు పైకి కనబడేలా ఒక చీటీ అంటించి పంపేవాళ్లు. ఉత్తరాది బజార్లలో దాన్ని టికా అనీ, ఛాప్ అనీ, టికెట్ అనీ పిలిచారు. మన దగ్గర ‘మార్కు’ అంటే సరిపోయేది. 1901 జనాభా లెక్కల నాటికి ఈ దేశంలో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి ఐదారుగురు మించి లేరు. కంపెనీ పేరు ఎంత అందంగా అచ్చేసినా ఎవడు చదువుతాడు? అందుకని కృష్ణుణ్ని వేశారు, లక్ష్మిని వేశారు, ఏనుగును, నెమలిని, రైలును వేశారు. పోయినేడు కొన్న గుడ్డ గట్టిగా మన్నితే ఈసారి వచ్చి “కృష్ణుడి మార్కు ఇయ్యప్పా” అని అడగాలి. వాళ్లకు కావలసింది అదే. ఇంకెవడైనా అదే బొమ్మను కాస్త మార్చి నాసిరకం గుడ్డకు అంటిస్తే వ్యాపారం మునిగినట్టే. కాబట్టి బొమ్మకు చట్టం కాపలా కావలసి వచ్చింది. ఇంగ్లండులో 1875లో ట్రేడ్‌మార్కుల నమోదు చట్టం వచ్చింది. మన దేశంలో 1889లో సరుకుల గుర్తుల చట్టం తెచ్చి, తాను ఎన్ని గజాలో గుడ్డ మీదే ముద్ర వేయాలన్నారు. చీటీ మీద దేవుడు, గుడ్డ మీద గజాల లెక్క. ఒకటి నమ్మకానికి, ఇంకొకటి కొలతకు.

ఆ కాగితం వెనక ఎంత పనుందో తెలిస్తే అవ్వ దాన్ని దాచిపెట్టడం వింతగా అనిపించదు. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ అనే నాటక రచయిత కనిపెట్టిన రాతి అచ్చు అది. బవేరియాలో దొరికే నున్నటి సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని తడుపుతారు. గీసిన చోట జిడ్డు నీళ్లను రానియ్యదు, గీయని చోట తడి సిరాను పట్టనియ్యదు. కాగితం పరిచి ఒత్తితే బొమ్మ దిగుతుంది. రంగుకో రాయి కావాలి. పది రంగులుంటే పది రాళ్లు, ఒక్క కాగితానికి పది ఒత్తుళ్లు. ఒక్కసారి వెంట్రుకవాసి జరిగినా కృష్ణుడి పెదవి ఎరుపు గడ్డం మీదికి జారుతుంది. అవ్వ మూతలో పులికి అదే జరిగింది, పసుపు చారలు ఒళ్లు దాటి బయటికి వచ్చాయి. బొమ్మను రాయి మీద అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి. చివర్లో బంగారు పొడి అద్దుతారు, కొన్నిటికి మెరుగునూనె పూస్తారు. మూడు నాలుగు తరాలు గడిచినా మా కృష్ణుడి అంచు మెరుపు పోలేదు.

1894లో రాజా రవివర్మ బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం ఇదే పనిని ఇక్కడికి తెచ్చింది. జర్మనీ నుంచి యంత్రాలు, పనివాళ్లు వచ్చారు. తర్వాత అది లోనావలా దగ్గర మలవలీకి మారి, ష్లైషర్ అనే జర్మన్ సాంకేతికుడి చేతికి పోయింది. ఆయన దేవుళ్ల పటాలతో ఆగకుండా సరుకుల లేబుళ్లూ వేశాడు. ఒకే రాయి మీద పుట్టిన లక్ష్మి ఒక కాపీలో పూజగదికి, ఇంకో కాపీలో సరుకుల అంగడికి పోయిందన్నమాట.

వర్తకుడు వేసిన లెక్కలో ఒక సంగతి లేదు. మామూలు కాగితమైతే గుడ్డ కుట్టించాక చెత్తలోకి పోతుంది. దేవుడున్న కాగితం పోదు. కాలికి తగలకూడదు, పొయ్యిలో వేయకూడదు, చీపురు కింద పడకూడదు. ఇప్పటికీ పెళ్లిపత్రిక మీది వినాయకుణ్ని ఏం చేయాలో తెలియక మనం తికమకపడతాం కదా. బయటికి పోలేని కాగితం ఇంట్లోనే చోటు వెతుక్కుంది. కొన్ని గోడ ఎక్కాయి, కొన్ని దేవుడి గూటిలో చేరాయి, కొన్ని పెట్టె మూతలకు అంటుకున్నాయి. అవ్వ చెప్పిన ప్రకారం చీటీ తాను చివరి ముక్క కొన్నవాళ్లకు దక్కేదట. ఆమె తల్లి రవికెల గుడ్డకు పోయినప్పుడల్లా తాను కొస దాకా వచ్చిందా లేదా చూసుకుని మరీ కొనేదని అవ్వ నవ్వుతూ చెప్పేది.

1921 జులై 31న బొంబాయి పరేల్‌లో గాంధీజీ విదేశీ గుడ్డల గుట్టకు నిప్పు పెట్టాడు. ఆ వార్త ఊరూరికీ పాకింది. బొంబాయి, అహ్మదాబాదు మిల్లులు తమ తానుల మీద భరతమాతను, రాట్నాన్ని, చివరికి గాంధీజీనే అచ్చేసి అమ్ముకున్నాయి. సీమ దొరల ఎత్తునే తిప్పి వాళ్ల మీద వాడారు. మా ఇంట్లో చెప్పుకునే మాట ప్రకారం అవ్వ తండ్రి సీమ పంచె ఒకటి మంటలో వేసి వచ్చాడట. ఇంటికొచ్చి అదే మిల్లు కృష్ణుడికి దణ్ణం పెట్టుకున్నాడట. ఇందులో తప్పేమీ నాకు కనబడదు. గుడ్డ వాళ్లది, కృష్ణుడు మనవాడు.

అంటించడానికి జిగురు కావాలి. ఊళ్లో మైదా ఎక్కడిది? అవ్వది చింతగింజల జిగురు. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్లతో ఉడికిస్తే ఎర్రటి చిక్కటి గంజి తయారవుతుంది. చెరియాల పటాలకు, కొండపల్లి బొమ్మలకు వాడేది ఈ జిగురే. రేకుకు కాగితం నేరుగా నిలవదని తెలుసుకుని, ముందు పాత గుడ్డ ముక్క అంటించి దాని మీద కాగితం అంటించింది. బొమ్మలేసేవాళ్ల మాటల్లో చెప్పాలంటే నేల సిద్ధం చేసుకుంది.

ఒక్కో కాగితం మూతలో ఎంత కాలంగా ఉందో ఎట్లా తెలుస్తుంది? పాత కాగితం వయసు కనుక్కోవడానికి నిపుణుడే రానక్కర్లేదు, కాస్త ఓపిక చాలు. ఒక అగ్గిపెట్టె చీటీ మీద ధర నయాపైసల్లో ఉంది. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, 1964లో ‘నయా’ మాట తీసేశారు. కాబట్టి ఆ చీటీ ఆ ఏడేళ్లలోది. ఒక పొడి డబ్బా కాగితం మీద తూకం తులాల్లో ఉంది, అంటే గ్రాములు రాకముందుది. ఇంకోదాని మీద ‘మైసూరు స్టేట్’ అని ఉంది. ఆ రాష్ట్రం 1973 నవంబరు 1న కర్ణాటక అయింది. చిరునామా కింద ఆరంకెల పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. మొత్తం మూతలో పిన్‌కోడు ఉన్న కాగితం ఒక్కటే ఉంది, అదీ కింది అంచున ఇరుకులో. అవ్వకు ఖాళీ అప్పుడు అయిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా పట్టిన బొమ్మ అది.

మైసూరు సరుకు అంత ఎక్కువగా ఉండటం చూస్తే ఆమడగూరు ఏ జిల్లాలో ఉన్నా సంత ఎటువైపో తెలిసిపోతుంది. మద్రాసు రాష్ట్రమైనా, 1953లో ఆంధ్ర అయినా, 2022లో శ్రీ సత్యసాయి జిల్లా అయినా కన్నడ సరిహద్దు పక్కనే ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో గంధపుచెక్క యూరపుకు పోయే దారి మూసుకుపోతే మైసూరు సంస్థానం 1916లో నూనె తీయడం, 1918లో సబ్బు చేయడం మొదలుపెట్టింది. వాళ్ల గుర్తు శరభం. అవ్వకు శరభమంటే ఏమిటో తెలియదు. ‘ఏనుగుసింగం’ అనేది. నంజనగూడు పళ్లపొడి కాగితం కూడా ఒక ముక్క ఉంది. బి.వి. పండిట్ సద్వైద్యశాల 1913 నాటిది.

తెలుగువాడి సరుకు లేదా అంటే ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టి అలవాటు చేశారంటారు. ఆ సీసాతో వచ్చిన కాగితంలోంచి అవ్వ ఒక పెద్ద ‘అ’ కోసి పెట్టింది. తలకిందులుగా అంటించింది. చాలా ఏళ్లు నాకు అది చదువురాని మనిషి పొరపాటులా కనబడింది. ఇప్పుడు మూతను దూరంగా పెట్టి చూస్తే, అక్కడ ఆ వంపు కృష్ణుడి కాలి వంపుకు సరిగ్గా కలుస్తుంది. నిలువుగా పెడితే కలవదు. నాకు అది అక్షరం. ఆమెకు గీత.

అగ్గిపెట్టెలది వేరే లోకం. మొదట స్వీడన్ నుంచి, జపాన్ నుంచి వచ్చేవి. జపాన్ వాళ్లు మన దేవుళ్ల బొమ్మలు మనకే అచ్చేసి పంపేవాళ్లు. శివకాశి నుంచి అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి పని నేర్చుకుని 1923లో తిరిగివచ్చి తమ ఊళ్లో పరిశ్రమ పెట్టారు. పెట్టెలకు చీటీలు కావాలి కాబట్టి అచ్చు యంత్రాలు వచ్చాయి. అట్లా ఆ ఊరు దేశానికి క్యాలెండర్లు అచ్చేసే ఊరైంది. పిల్లలకు అగ్గిపెట్టె అట్టలు, సిగరెట్ పెట్టెలు డబ్బుతో సమానం. అవ్వ మూతలోని కత్తెర బొమ్మ మా నాయన పందెంలో గెలిచి తెచ్చిందట. ఇచ్చినందుకు బదులుగా రెండు బెల్లపు ముక్కలు తీసుకున్నాడు.

కోసి అంటించడం అన్నాక ప్యారిస్ సంగతి కూడా చెప్పుకోవాలి. కళాచరిత్ర పుస్తకాలు కొలాజ్ 1912లో పుట్టిందని చెబుతాయి. ఆ మాట ఫ్రెంచిలో ‘అంటించడం’ నుంచి వచ్చింది. ఆ ఏడు పికాసో కుర్చీ అల్లిక అచ్చున్న మైనపు గుడ్డను చిత్రంలో అంటించాడు, బ్రాక్ గోడకాగితం అంటించాడు. ఆ ఏడాది చివర్లో పికాసో వేసిన ‘సూజ్ సీసా’లో ఆ మద్యం సీసా లేబులే అంటించి ఉంది, పక్కన బాల్కన్ యుద్ధం వార్తలున్న పత్రిక ముక్కలు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1882లో, మానె తన మద్యశాల చిత్రంలో సీసా మీద ఎర్ర త్రికోణాన్ని రంగులతో గీశాడు. అది బాస్ కంపెనీ బీరు గుర్తు. 1876 జనవరి 1న ఇంగ్లండులో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు అదే. మానె గీశాడు, పికాసో అంటించాడు. 1919లో హానోవర్‌లో కుర్ట్ ష్విట్టర్స్ అయితే ట్రాము టికెట్లు, పొట్లాల కాగితాలు, లేబుళ్లు వీధిలో ఏరుకొచ్చి బొమ్మలు కట్టాడు. తన కళకు ‘మెర్జ్’ అని పేరు పెట్టాడు. అది ఒక బ్యాంకు పేరులోంచి కత్తిరించిన ముక్క.

మనవాళ్లు వీళ్లకంటే ముందే చేశారని జబ్బలు చరుచుకోవడం నాకు ఇష్టం లేదు. పికాసో చేసిన పని వేరు. చిత్రం అంటే ఏమిటని అతను తగువు పెట్టుకున్నాడు. అవ్వకు ఎవరితోనూ తగువు లేదు. కానీ ఆమె లాంటివాళ్ల పని ఆ పుస్తకాల్లో అసలు లేకపోవడం మాత్రం అన్యాయం. రవివర్మ పటాలకు పట్టుగుడ్డ, జరీ, తళుకులు అంటించి చీర కట్టే అలవాటు చెట్టినాడు ఇళ్లలో బాగా ఉండేది. దేవుళ్లను కత్తిరించి యూరపు కొండలు, సరస్సులున్న అచ్చుల మీద అంటించిన బొమ్మల గురించి కళాచరిత్రకారుడు జ్యోతీంద్ర జైన్ వివరంగా రాశారు. 1960ల మధ్యలో బరోడా చిత్రకారుడు భూపేన్ ఖఖర్ బజారు దేవుళ్ల పటాలు కోసి అంటించి ప్రదర్శిస్తే విమర్శకులు కొత్తదనమన్నారు. కొత్తదే, గ్యాలరీకి.

ఇప్పుడు తాను చీటీలకు గిరాకీ వచ్చింది. 2025లో బెంగళూరులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ ‘టికెట్ టికా ఛాప్’ పేరుతో వీటితోనే ప్రదర్శన పెట్టింది. హిందూపురం నుంచి పొద్దున రైలెక్కితే ఆ రోజే చూసి రావడానికి వీలుండేది. అద్దాల వెనక అన్నీ శుభ్రంగా, ఒక్క మడత లేకుండా, దేనికది విడిగా ఉండేవి. అతికినవాటికి అక్కడ చోటు తక్కువ. సేకరించేవాళ్లకు వాడని చీటీ కావాలి. కత్తిరించినదాన్ని వాళ్లు ‘పాడైంది’ అంటారు.

ధర్మవరంలో చీర కొంటే ఇప్పుడూ చీటీ వస్తుంది. పట్టు అసలుదని చెప్పే సిల్క్ మార్కు 2004లో మొదలైంది. మెరిసే బిళ్ల, దాని మీద అంకె. మా చిన్నమ్మ కోడలు దాన్ని పీకి చెత్తబుట్టలో వేస్తుంటే నేనే చూశాను. దాని మీద దేవుడు లేడు కదా.

పోయిన సంక్రాంతికి పెట్టెను దించి ఫోటోలు తీద్దామనుకున్నాను. పాత చీటీలు కొనే ఒకాయన ఫోన్లో కృష్ణుడికి మంచి ధర చెప్పాడు. ఆవిరి పట్టిస్తే ఊడి వస్తుందన్నాడు. అమ్మే ఉద్దేశం లేదు గాని, వెనక ఏముందో చూడాలనిపించింది. చిన్నమ్మ దొడ్లో శెనక్కాయలు కొడుతూ ఉంటే, నేను తడిగుడ్డ పెట్టి ఒక మూల లేపాను. వేలెడు వచ్చాక చటుక్కున చిరిగింది. కింద ఇంకో కాగితం కనబడింది. ఇంకో కృష్ణుడు. ఇంతకంటే పాతది, రంగు పోయి నీలం మాత్రం మిగిలింది. ముఖం మీద కాగితం పూర్తిగా అరిగిపోయి ఉంది, చేత్తో తాకీ తాకీ అరిగినట్టు.

చిన్నమ్మ లోపలికి వచ్చి చూసింది. తిట్టలేదు. “మా యత్త ఏడాదికోసారి పైన కొత్తది అంటిస్తాండ్య. దేవుని మొగం మాసిపోకూడదంట. ఎన్ని ఉండాయో ఎవురికి తెలుసు?” అంది. పొయ్యి మీద రాగిసంగటి కుండ అడుగున పట్టినదాన్ని వేలితో గీరి తెచ్చి, చిరిగిన మూల కింద రాసి, బొటనవేలితో ఒత్తి పట్టుకుంది. “శానాసేపు పట్టుకోవల్ల. నువ్వు పట్టుకో, నాకు పనుంది” అని నా వేలు అక్కడ పెట్టి పోయింది.